చిక్కుడుపాదు చూసే గడియారం

మార్చి నెల రాగానే అమెరికాలోని తెలుగువారి ఇళ్ళలో ఒక కదలిక మొదలౌతుంది. చలికాలమంతా గరాజు మూలన పడివున్న మట్టి సంచులు బయటికొస్తాయి. ఖాళీ పెరుగు డబ్బాలకు అడుగున చిల్లులు పడతాయి. ఎండ తగిలే కిటికీ దగ్గర సొరవిత్తులూ బీరవిత్తులూ వరుసలు తీరుతాయి. "మీ దగ్గర పొట్లగింజలున్నాయా? మా దగ్గర గోంగూర విత్తనాలు బోలెడున్నాయి" అంటూ ఫోనుల్లో ఇచ్చిపుచ్చుకోవడాలు. ఇదంతా నాకు ముచ్చటగానే ఉంటుంది. ఉగాది పచ్చడికి తాజా వేపపువ్వు దొరకని దేశంలో వసంతాన్ని ఇలాగైనా చేత్తో తాకి చూడడం మంచిదే కదా. నా ఫిర్యాదల్లా ఒక్కటే. మన సన్నాహమంతా విత్తనం చుట్టూనే తిరుగుతుంది. ఇక్కడి నేలనూ, ఇక్కడి పొద్దునూ పట్టించుకునేవారు బహు తక్కువ.

మనం పుట్టిపెరిగిన చోట వసంతమంటే ఎండలకు ముందుమాట. నేనుండే చికాగోలో అది చలికి వెనుకమాట. ఏప్రిల్‌లో ఇక్కడ మధ్యాహ్నాలు సైతం చాలా రోజులు మన పుష్యమాసపు తెల్లవారుజాముల్లాగే ఉంటాయి. కాబట్టి సంక్రాంతినాడు మన పెరట్లో ఏవి కళకళలాడుతూ ఉంటాయో అవే ఇక్కడి ఏప్రిల్ పంటలు. కొత్తిమీర, మెంతి, ముల్లంగి, పాలకూర, బఠానీ. పలచని మంచు పడినా ఇవి తట్టుకుంటాయి. కానీ మనవాళ్ళలో చాలామంది కోటు బీరువాకెక్కిన తర్వాత ఒక శనివారం చూసుకుని అన్నింటినీ ఒకేసారి నాటేస్తారు. జూన్‌లో చల్లిన కొత్తిమీర నాలుగాకులు వేసీ వేయకముందే పూతకొచ్చేస్తుంది. "ఈసారి విత్తనం మంచిది కాదండీ" అని తీర్పు వెలువడుతుంది. వైశాఖంలో చల్లితే మన ఊళ్ళోనూ ఆ విత్తనం చేసే పని అంతే.

సొర, బీర, బెండలది ఇందుకు సరిగ్గా తిరగబడిన కథ. వాటికి గాలి వెచ్చబడితే చాలదు, మట్టి వెచ్చబడాలి. పదిహేను డిగ్రీలకు లోపున్న మట్టిలో బెండగింజ మొలవడం మాని కుళ్ళుతుంది. ఇక్కడ మనవాళ్ళు తరచు తడబడే మాట ఒకటుంది, 'జోను'. "మాది ఆరో జోను, కాబట్టి ఎప్పుడు నాటాలి?" అని అడుగుతుంటారు. అమెరికా వ్యవసాయ శాఖ వేసిన ఆ పటం ఏడాది మొత్తంలో చలి ఎంత లోతుకు దిగుతుందో మాత్రమే చెబుతుంది. 2023లో దాన్ని సవరించినప్పుడు దాదాపు సగం దేశం అర మెట్టు వెచ్చని వైపుకు జరిగింది. అంతమాత్రాన వసంతంలో ఆఖరి మంచు ముందుగా వెళ్ళిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. గులాబీ మొక్క చలికాలం గడిచి బతుకుతుందో లేదో తెలుసుకోవడానికి ఆ పటం పనికొస్తుంది. సొరపాదు ఎప్పుడు పెట్టాలో తెలియాలంటే మీ ఊళ్ళో ఆఖరి మంచు పడే తేదీ కావాలి, ఇంకా మట్టిలో గుచ్చి చూసే చిన్న ఉష్ణమాపకం కావాలి.

ఇక చిక్కుడు సంగతి. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా కుమిలిపోయేది దీని గురించే. మే నెలలో పెడతారు, తీగ మేడ ఎక్కినంతగా అల్లుకుంటుంది, పందిరి నిండా ఆకు. జూలైలో పువ్వు లేదు. ఆగస్టులో లేదు. ఎరువు మార్చి చూస్తారు, తలలు తుంచి చూస్తారు, దిష్టి కూడా తీస్తారు. సెప్టెంబరు చివర్లో ఎట్టకేలకు ఊదారంగు గెలలు తొంగిచూస్తాయి. అక్టోబరులో ఓ రాత్రి మంచు పడి మొత్తం నల్లబడిపోతుంది.

ఆ పాదుకు ఏ జబ్బూ లేదు. అది తన గడియారం చూసుకుంటోంది, అంతే. మన పాతరకాల చిక్కుళ్ళలో చాలావరకు పగలు పన్నెండు గంటల దరిదాపులకు కుదించుకుంటేనే పూతకొస్తాయి. రాజమహేంద్రవరంలో ఏడాదిలోకెల్లా పొడవైన పగలు పదమూడు గంటల పైచిలుకు. చికాగోలో అదే రోజు పదిహేను గంటలు దాటుతుంది, ఇక పన్నెండుకు దిగేది సెప్టెంబరు ఆఖరివారంలోనే. మన ఊళ్ళో పూత మొదలయ్యాక మాఘం దాకా కాసే తీరిక ఉంది. ఇక్కడ మిగిలేది మూడు వారాలు. మొక్కలు ఇలా పొద్దు కొలుస్తాయని 1920లో వెల్లడించినవారు అమెరికా వ్యవసాయ శాఖలోనే పనిచేసిన గార్నర్, అల్లార్డ్. వేసవి పొలంలో ఎంతకూ పూయని ఒక పొగాకు రకం చలికాలంలో గాజుటింట్లో పూయడం వాళ్ళకు ఆధారమైంది. మొక్క అసలు కొలిచేది రాత్రి నిడివినని 1938లో హామ్నర్, బానర్ తేల్చారు. పందిరి పక్కన రాత్రంతా దీపం వెలిగించేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకుంటే మేలు.

కాబట్టి ఇక్కడ చిక్కుడు తినాలంటే మార్చిలో చేయాల్సిన పని పొద్దుతో పేచీ పెట్టుకోని రకాన్ని ఎంచుకోవడం. బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క జయ్, అర్క విజయ్ అటువంటి పొదరకాలు. అమ్మమ్మగారి పందిరి చిక్కుడు రుచి వాటికి ఉండదని వాదించేవారితో నేను వాదించను. రాని కాయ రుచిని పోల్చడం మాత్రం నాకు చేతకాదు. గోంగూరది విచిత్రమైన అదృష్టం. అదీ పొద్దు చూసుకునే మొక్కే, కానీ మనకు కావలసింది ఆకు. పూయాలన్న తలంపే రాకుండా ఈ పొడుగాటి పగళ్ళు దాన్ని శరత్తు దాకా ఆకులోనే ఉంచేస్తాయి.

ఇంత చెప్పాక సూటుకేసు మాట రాకతప్పదు. పసుపు రాసిన గుడ్డమూటలో, చీర మడతల మధ్య, అత్తగారు దాచి పంపిన విత్తనాలు. వాటి వెనుక ఉన్న ప్రేమను నేనెరుగుదును. అయినా నాకది నచ్చదు, ఎదురుగానే చెబుతాను. విత్తనాలు తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అది లేకపోతే ముందుగా చిన్న పొట్లాల అనుమతి తీసుకోవచ్చు. పొట్లానికి ఒకే జాతివి యాభై గింజలకు మించకుండా, పేర్లు రాసి, తనిఖీ కేంద్రానికి చేర్చాలి. కొన్ని జాతులకు అదీ వర్తించదు. పెరటికి యాభై సొరగింజలు చాలవని అనేవాళ్ళు ఎకరాల లెక్కలో పండిస్తున్నారేమో.

కరివేపాకు రెమ్మ, మొక్క తెచ్చేవారి మీద నా కోపం ఇంకొంచెం ఎక్కువ. నిమ్మజాతి చెట్లకు పచ్చతెగులు మోసుకెళ్ళే సిల్లిడ్ పురుగుకు కరివేప ఇష్టమైన ఇల్లు. చిత్రమేమిటంటే కరివేపకు ఆ తెగులు సాధారణంగా అంటదు, కాబట్టి చూసేవారికి అనుమానం రాదు. ఫ్లోరిడాలో ఆ పురుగు 1998లో కనబడింది, తెగులు 2005లో బయటపడింది. 2003–04లో 24 కోట్ల పెట్టెలు దాటిన అక్కడి నారింజ దిగుబడి 2022–23లో 1.6 కోట్లకు పడిపోయింది. తుఫానులూ తోడయ్యాయి, నిజమే. ఆ పురుగు అక్కడికి ఎవరి మూలంగా వచ్చిందని నేను వేలు చూపడం లేదు. కానీ ఒకరి జీవనాధారాన్ని మన తాలింపుతో తూచే ధైర్యం నాకు లేదు. తనిఖీ అయిన నర్సరీ మొక్క కొనుక్కోవచ్చు. మా ఇంట్లో ఉన్నదీ అలా కొన్నదే. కుండీలో పెట్టి చలికాలం లోపలుంచుతాం. మే వచ్చాక ఒక్కసారిగా ఎండలో పెట్టకుండా మొదట నీడకు, తర్వాత ఉదయపుటెండకు, వారం పది రోజుల్లో మెల్లగా జరుపుతాం. ఆ కుండీలో మట్టి మార్చే పని ఈ వారం ఉంది.

మెంతులు కూడా చల్లాలి కానీ మడి ఇంకా సిద్ధంగా లేదు. మట్టి పిడికిట పట్టి వదిలితే పొడిపొడిగా రాలాలి. నిన్న చూస్తే ముద్దగానే ఉంది. తడిమీద తవ్వితే వేసవంతా గడ్డలు కొట్టుకుంటూ కూర్చోవాలి. ఎండ ఇలాగే కాస్తే ఇంకో నాలుగు రోజులు పట్టవచ్చు.