తెరపై ప్రయోగం - చేతిలో నైపుణ్యం

మన దేశపు ఇంజనీరింగ్ విద్యలో 2003వ సంవత్సరం గుర్తుంచుకోదగినది. నాడు ఏడు ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. పథకాన్ని ప్రారంభించాయి. ప్రసిద్ధ ఆచార్యుల ఉపన్యాసాలు మారుమూల విద్యార్థికి కూడా ఉచితంగా అందివచ్చాయి. తరువాత కేంద్ర ప్రభుత్వ ఆదరణతో 'వర్చువల్ ల్యాబ్స్' వెలిశాయి. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ కూడా అందులో భాగస్వామి. ఖరీదైన పరికరాలు లేని కళాశాలల విద్యార్థులు సైతం కంప్యూటరు తెరపై ప్రయోగాలు చేసి చూడగలుగుతున్నారు. ఇది కాదనరాని మేలు.

అయితే తెర మీది మీటరును తప్పుగా కలిపినా అది కాలిపోదు. వదులైన తీగ ఎక్కడున్నదో వెదకి పట్టుకొనే ఓర్పు చేతికి అబ్బవలసిన విద్య. తెర ప్రయోగశాలకు ముంగిలి కావాలి గాని, దాని తలుపుకు తాళం కారాదు. తెర ఉన్నదన్న సాకుతో పరికరాల కొనుగోలు మానితే, ఇంట కంప్యూటరు లేని పేద విద్యార్థులు రెంటికీ చెడతారు.

కనుక కమిటీ పెద్దలకు మా మనవి: సాయంత్రం వేళ గ్రంథాలయంలో ఈ పాఠాలు చూసే వసతి కల్పించండి, తెరపై చూసిన ప్రయోగాన్ని ఆ వారంలోనే ప్రయోగశాలలో చేయనివ్వండి. విద్యార్థి మిత్రులారా! విన్న పాఠంతో తృప్తి చెందక, చేతులకు పని చెప్పండి.