బల్ల చుట్టూ కూర్చున్న సంగీతం

కొన్నాళ్ళుగా రాత్రిపూట ఇంగ్లండు పాత వయొల్ సంగీతమే వింటున్నాను. వింటున్నకొద్దీ ఒక ఫిర్యాదు బలపడుతోంది. 1986లో ఏర్పడిన ఫ్రెట్‌వర్క్ వంటి బృందాల రికార్డులే లేకుంటే నాబోటివాడికి ఈ సంగీతం పేరైనా తెలిసేది కాదు. అందుకే చెప్పడానికి కాస్త మొహమాటం.

వయొల్ వయొలిన్‌కు చుట్టంలా కనిపించినా జాతి వేరు. పేగుతో చేసిన ఆరు తీగలు, మెడకు కట్టిన పేగు మెట్లు. ఎంత చిన్నదైనా భుజానికి ఆనించరు. కాళ్ళమధ్య నిలిపి, అరచేయి పైకి ఉండేలా కమాను పట్టి వాయిస్తారు. చిన్నా పెద్దా వయొల్‌లు కొన్ని కలిస్తే కన్సార్ట్. అందులో పెద్దరికం ఎవరిదీ కాదు.

1604లో డౌలండ్ అచ్చువేయించిన 'లాక్రిమే' పుస్తకం చూడండి. దాన్ని బల్లమీద తెరిచి పెడితే, చుట్టూ కూర్చున్న ప్రతివాద్యగాడికీ తన భాగం తనవైపు తిరిగి కనిపిస్తుంది. శ్రోత కోసం ఆ పుటలో ఏ వైపూ మిగల్చలేదు. ఇది ముందుగా వాయించుకొనేవాళ్ళ సంగీతం.

మరి రికార్డుల్లో తరచు జరుగుతున్నదేమిటి? ఎత్తైన కప్పున్న చర్చిలో, మైకులు దూరంగా పెట్టి, ప్రతిధ్వనిలో ముంచి తీస్తారు. పేగు తీగల నాదం సన్నన. ప్రతిధ్వని దానికి ఒళ్ళు చేయిస్తుంది, నిజమే. కాని ఐదుగురి సంభాషణ కాస్తా ఒకే తియ్యని పొగమంచుగా మారిపోతుంది.

పర్సెల్ 'ఒకే స్వరంమీద ఫాంటసీ' వింటే నా బాధ తెలుస్తుంది. 1680 ప్రాంతంలో, కన్సార్ట్ వాడుక తప్పిపోతున్న రోజుల్లో, ఇరవై యేళ్ళవాడు ఇటువంటివి రాస్తూ కూర్చున్నాడు! ఇందులో ఐదు వయొల్‌లు. ఒకటి మొదటినుంచి చివరిదాకా ఒక్క స్వరాన్నే పట్టుకొని ఉంటుంది. శ్రుతి మనకు కొత్త కాదు, కాని తంబురా పాటకు వెనుక ఉంటుంది. ఈ స్వరం తక్కిన నాలుగింటి నడుమ ఉంటుంది. చుట్టూ రాగం చీకటవుతుంది, వెలుగవుతుంది, పరుగెత్తుతుంది. అది మాత్రం కదలదు. దాన్ని పట్టుకొన్న మనిషి కమాను తిప్పే క్షణం నాకు వినబడాలి. ప్రతిధ్వనిలో ఆ మనిషే మాయమవుతున్నాడు.

మధ్యమధ్య శ్రుతి సరిచేసుకోవడం కూడా వినిపించమనేంత చాదస్తం నాకు లేదు. మైకును బల్ల నడుమ పెట్టమనడమూ అత్యాశే కావచ్చు. కలపతో కప్పిన గోడలున్న ఒక మామూలు గది వెతికి, ఆరో కుర్చీ వేసినంత దూరంలో దాన్ని నిలిపితే నాకు చాలు.