పైపు చెప్పిన లెక్క

మొన్నొక ఆదివారం అక్క ఇంటికి వెళ్లేసరికి ఇల్లంతా మూగనోము పట్టినట్టుంది. సంగతేమిటంటే, ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మేనకోడలికి ఫిజిక్స్ యూనిట్ టెస్టు పోయిందట. ఎంపీసీ మానేసి సీఈసీలో చేరతానని భీష్మించుకు కూర్చుంది.

'ఫార్ములాలన్నీ వచ్చు మావయ్యా, లెక్కే రాదు' అంటూ పేపరు చేతిలో పెట్టింది.

నేల మీంచి ఒకే వేగంతో రాయి విసిరితే, ఏ కోణంలో ఎక్కువ దూరం పోతుంది? ఇదీ ప్రశ్న. పిల్ల చక్కగానే మొదలుపెట్టింది. రాయి గాల్లో ఉండే సమయాన్ని అడ్డంగా పోయే వేగంతో హెచ్చవేసింది. 'రెండు యూ స్క్వేర్ సైన్ తీటా కాస్ తీటా బై జీ' అని వచ్చింది. అక్కడ ఆగి 10, 20, 30 డిగ్రీలంటూ ఒక్కో కోణమే వేసి చూస్తుండగా గంట కొట్టేశారు!

'రెండు సైన్ తీటా కాస్ తీటా అంటే ఏంటే?' అన్నాను.

'సైన్ రెండు తీటా' అంది తడుముకోకుండా. 'కానీ అది మ్యాథ్స్ కదా!'

రోగం అక్కడుంది. రెండు సబ్జెక్టులకు రెండు నోట్సులు, ఇద్దరు లెక్చరర్లు. ఒక దాంట్లోది ఇంకోదాంట్లో వాడొచ్చని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

సైన్, కాస్ రెండూ పక్కపక్కన ఉన్నంతసేపూ గొడవే. కోణం పెంచితే ఒకటి పెరుగుతుంది, రెండోది తగ్గుతుంది. లబ్ధం ఎక్కడ ఎక్కువో కంటికి ఆనదు. సైన్ రెండు తీటా అని రాశామా, మిగిలింది ఒక్కటే. సైన్ విలువ ఎప్పుడూ ఒకటి దాటదు. 90 డిగ్రీల దగ్గర ఒకటవుతుంది. రెట్టింపు కోణం 90 అయితే అసలు కోణం 45. లెక్క అయిపోయింది!

ఇంకో విచిత్రం. 30కి రెట్టింపు 60, 60కి రెట్టింపు 120. ఆ రెంటి సైన్ విలువా ఒకటే. అంటే 30లో విసిరినా 60లో విసిరినా రాయి ఒక్కచోటే పడాలి. (గెలీలియో 1638లో అచ్చయిన పుస్తకంలో ఈ మాట నిరూపించాడు.) పిల్ల నమ్మలేదు. సరే, పెరట్లోకి పదమన్నాను.

మొక్కలకు నీళ్లు పెట్టే పైపు మూతిని నేలకు ఆనించి, కోణమానినితో చూసి 30 డిగ్రీలకు వంచాం. ధార పడినచోట పుల్ల గుచ్చాం. 60కి ఎత్తాం. ధార నడుమెత్తు లేచి, మళ్లీ ఆ పుల్ల దగ్గరకే వచ్చింది!

నీటి వేగం సెకనుకు 5 మీటర్లు, జీ విలువ 10 అనుకోండి. 30లో నీటిబొట్టు గాల్లో అర సెకనే ఉంటుంది, కానీ అడ్డంగా 4.33 మీటర్ల వేగంతో పోతుంది. 60లో 0.87 సెకన్లు ఉంటుంది, అడ్డంగా 2.5 మీటర్ల వేగమే. ఎలా హెచ్చవేసినా 2.17 మీటర్లు. 45లో అయితే 2.5 మీటర్లు.

'ట్యాంకంతా ఖాళీ చేస్తారా ఏంటి!' అని వంటింట్లోంచి అక్క కేక.

మర్నాడు మేనకోడలు ఫోన్ చేసింది. సీఈసీ ఊసు లేదు. 'మావయ్యా, షాట్‌పుట్ వేసేవాళ్లు 45 కంటే తక్కువ కోణంలోనే వేస్తారటగా, మరి మన లెక్క తప్పా?' అంది. తప్పు కాదు. బయల్దేరిన ఎత్తుకే దిగేవాటికి మన సూత్రం. ఇనపగుండు భుజం ఎత్తు నుంచి బయల్దేరి నేల మీద పడుతుంది. ఆ ఎత్తును కూడా కలిపి సమీకరణం రాసుకుని, వచ్చే ఆదివారం నోట్సుతో రమ్మన్నాను. 'ఏ నోట్సు?' అని అడిగింది. రెండూ తెమ్మన్నాను.