కోసిన గడ్డను పారేయకండి

మా చిన్నాయన తొడలో నిమ్మకాయంత గడ్డ. కళ్యాణదుర్గం దగ్గర శెనక్కాయ చేను పనుల్లో పడి, "నొప్పి లేదు కదరా, ఏం గాదులే" అని ఏడాది గడిపేశాడు. తర్వాత ఒకచోట కొవ్వు గడ్డ అని కోసి తీసేశారు. ముక్కను పరీక్షకు పంపకుండానే పారేశారు. ఎనిమిది నెలలకు అదే చోట మళ్లీ వచ్చింది.

లాగ్ డిలీట్ చేసి బగ్ వెతికినట్టయింది మా పని.

ఈసారి బెంగళూరు తీసుకెళ్లాం. ఎంఆర్‌ఐ తీశాక, సూదితో చిన్న ముక్క తీశారు. దాన్ని మైనంలో బిగించి, పల్చటి పొరలుగా కోసి, రంగులద్ది మైక్రోస్కోప్ కింద చూశారు. సన్నటి, పొడుగాటి కణాలు! అలాంటి కణాలుండే కణితులు చాలా రకాలున్నాయట. తేల్చింది జన్యు పరీక్షే. ఎక్స్, 18వ క్రోమోజోముల ముక్కలు చోటు మార్చుకుని, ఎస్‌ఎస్18, ఎస్‌ఎస్‌ఎక్స్ అనే జన్యువులు అతుక్కుపోయాయి. అంటే సైనోవియల్ సార్కోమా. పేరు తెలిశాకే వైద్యం ఏ వరసలో చేయాలో డాక్టర్లు నిర్ణయించారు.

పెద్దవాళ్ల క్యాన్సర్లలో ఇలాంటి మెత్తటి కణజాల సార్కోమాలు సుమారు 1 శాతమే. ఒంటి మీది గడ్డల్లో చాలావరకు మామూలువే, భయపడొద్దు. కానీ 5 సెంటీమీటర్లు దాటినా, లోతుగా ఉన్నా, పెరుగుతున్నా కోతకు ముందే బయాప్సీ గురించి అడగండి. ఆ మైనం బిళ్లనే బ్లాక్ అంటారు. ఏళ్ల తర్వాత కూడా పరీక్షకు పనికొస్తుంది.

చిన్నాయన బ్లాక్ ఇప్పుడు మా బీరువాలో, పొలం పాస్‌బుక్ పక్కనే ఉంది.