పరిశోధన జనానికి తెలిసేలా రాయించండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యామండలి అధ్యక్షుల వారికి,



మన విశ్వవిద్యాలయాల పిహెచ్‌డి సిద్ధాంత గ్రంథాలు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ‘శోధగంగ’లో చేరుతున్నాయి. పైసా కట్టకుండా ఎవరైనా చదవొచ్చు. చాలా మంచి పని. అయితే భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ గురించి ఇంగ్లిషులో రాసిన లావుపాటి గ్రంథం, ఆ నీళ్లే తాగే కనిగిరి ప్రాంతపు ఇల్లాలికి ఎలా అందుతుంది? ఏ బోరు నీళ్లు తాగొచ్చో, పిల్లల పళ్లపై గార ఎందుకొస్తుందో తెలుసుకునే హక్కు అందరికంటే ముందు ఆమెది.

వ్యవసాయ పరిశోధన సంగతి వేరు. బాపట్లలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన వరి వంగడం సాంబమసూరి. దాని నంబరు బీపీటీ 5204 రైతులకు ఈనాటికీ నోటికొచ్చు. వ్యవసాయ పరిశోధనకు విస్తరణ విభాగం ఉంది, కిసాన్ మేళాలున్నాయి. చరిత్ర, ఆర్థిక, పర్యావరణ శాఖలకు ఊళ్లలోకి అలాంటి దారి ఏది?

అందుకే అడుగుతున్నాను. పట్టా ఇచ్చే ముందు ప్రతి పరిశోధకుడి చేతా నాలుగు పేజీల తెలుగు సారాంశం రాయించండి. పదో తరగతి చదివినవారికి అర్థం కావాలి. దాన్ని జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఉంచండి; ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నది ప్రజలే కదా. పరిశోధన జరిగిన ఊరికి ఒక ప్రతి తప్పకుండా పంపించండి. ముఖ్యంగా, ఈ సారాంశం రాయించిన అధ్యాపకులకు పదోన్నతుల్లో మార్కులివ్వండి. అది లేకుంటే ఉత్తర్వు కాగితం మీదే మిగులుతుంది.

వచ్చే విద్యా సంవత్సరం నుంచే మొదలుపెట్టమని కోరుతూ,

ఒక గ్రంథాలయ పాఠకుడు