కనిపించని పనితనం

తెలుగు చెప్పే ఉపన్యాసకుడికి కంప్యూటరు డ్రాఫ్టింగుతో ఏమి పని అని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. పని ఉన్నది. మన విద్యార్థులలో కొందరు సాయంకాలం శిక్షణాలయాలలో ఆటోకాడ్ నేర్చుకొంటున్నారు. డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం మీద, అందునా గల్ఫ్ ఉద్యోగం మీద, వారి కుటుంబాలు ఆశ పెట్టుకొని ఉన్నవి. ఆ ఆశ వమ్ము కారాదన్న తలంపే నాచేత ఈ నాలుగు మాటలు వ్రాయిస్తున్నది.

నా పూర్వ విద్యార్థి ఒకడు తన అనుభవం చెప్పినాడు. ఒక ఇంటి ప్లానులో కిటికీ వెడల్పు 1200 మిల్లీమీటర్లు ఉండవలసినది, గీత 1150 మాత్రమే వచ్చినది. గీతను సరిచేయటానికి బద్ధకించి, కొలత అంకెను మాత్రం 1200 అని టైపు చేసినాడు. కాగితం మీద అంతా సవ్యంగానే కనిపించినది. తరువాత మరొకరు అదే ఫైలులోని గీతను కొలిచి గ్రిల్లు చేయించినారు. అది కిటికీకి చాలలేదు. ఉద్యోగం పోలేదు గాని, అతని పని మీద నమ్మకం పోయినది.

చేతితో గీచిన రోజులలో తప్పును చెరిపినా కాగితం మీద మచ్చ మిగిలేది. కంప్యూటరులో మచ్చ మిగలదు. తప్పు ఫైలులో దాగి ఉంటుంది. 1963లో ఐవన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్‌ను రూపొందించిన నాటి నుండి, 1982లో ఆటోకాడ్ వెలువడిన తరువాత మరింత విస్తృతంగా, వచ్చిన మార్పు ఇదే. తెరమీది గీత కేవలం బొమ్మ కాదు. ఇతరులు నమ్మి వాడుకొనే కొలత.

కావున ప్రారంభకులు కొన్ని అలవాట్లు మొదటినాడే చేసుకొనవలెను. మిల్లీమీటర్లా, అంగుళాలా అన్నది మొదట నిర్ణయించుకొని, వస్తువును దాని నిజమైన కొలతతోనే గీయవలెను. స్కేలు సంగతి ముద్రించే వేళ లేఅవుట్‌లో చూచుకొనవచ్చును. రెండు గీతలను కంటి అంచనాతో కలుపరాదు. ఆబ్జెక్ట్ స్నాప్‌తోనే కలుపవలెను. కంటికి కలిసినట్లు తోచిన మూల, పెద్దది చేసి చూస్తే విడివడి ఉంటుంది. గోడలు, తలుపులు, కొలతలు, అక్షరాలు వేర్వేరు లేయర్లలో ఉంచవలెను. కొలత తప్పుగా వస్తే అంకెను కాదు, గీతను దిద్దవలెను. మాటిమాటికీ సేవ్ చేసి, రోజు ముగిసేసరికి ఫైలు ప్రతిని వేరొక చోట భద్రపరచవలెను.

ఈ క్రమశిక్షణ చిన్నవారికే కాదు. ఎయిర్‌బస్ సంస్థ ఎ380 విమానాల అప్పగింతలో 2006లో పెద్ద జాప్యం ప్రకటించవలసి వచ్చినది. జర్మనీలోని హాంబర్గ్‌లోను, ఫ్రాన్సులోని తులూజ్‌లోను కాటియా సాఫ్ట్‌వేరు వేర్వేరు వెర్షన్లు వాడటం అందుకు ఒక ముఖ్య కారణం. తయారైన విద్యుత్తు తీగలు విమానంలో అమర్చబోతే పొడవు చాలలేదు.

యజమానులు వేగమే కోరుతారు గదా అని కొందరు అంటారు. నిజమే. కాని యూనిట్లు, లేయర్లు, అక్షరాల పరిమాణం ఒకసారి అమర్చి టెంప్లేటు ఫైలుగా దాచుకొన్నవాడికి ప్రతి పనిలోను సమయం కలిసి వస్తుంది. దిద్దుబాటు అడిగిన నాడు అసలు వేగం ఎవరిదో తేలుతుంది.

పాలకవర్గం వారికి ఒక మనవి. కమాండులు ఎన్ని నేర్చినాడని లెక్కించి, ముద్రించిన కాగితం చూచి యోగ్యతాపత్రం ఇవ్వటం చాలదు. మన కళాశాలలో ఇట్టి శిక్షణ ఏర్పాటు చేసిన నాడు ఫైలును తెరచి చూచి మార్కులు వేయించండి. ఒక విద్యార్థి ఫైలును మరొకరికిచ్చి, గోడను ఒక అడుగు జరుపమనండి. తడబాటు లేకుండా జరుపగలిగితే మొదటివాడు ఉత్తీర్ణుడు. ఇంతకు మించిన పరీక్ష నాకు తోచటం లేదు.

ఉర్దూ కాతిబు విద్య నేర్చేవాడు కలం మొనతో చుక్కలు పెట్టి అక్షరపు నిడివి కొలుచుకొంటాడు. చదువరికి ఆ చుక్కలు కనబడవు. అక్షరపు తీరు మాత్రమే కనబడుతుంది. చేసే పని ఏదైనా, ఆ చుక్కలు పెట్టే ఓర్పును విద్యార్థి మిత్రులు అలవరచుకొందురుగాక!