సురభి వారిది వ్యాపారమేనా?

మా కడప జిల్లాలో నాటకాల పిచ్చి ఉన్నవారు నలుగురు ఒకచోట చేరితే, మాట ఎక్కడ మొదలైనా కడకు సురభి దగ్గరకే వచ్చి ఆగుతుంది. ప్రొద్దుటూరులో జవుళి అంగడి కానీండి, జమ్మలమడుగులో టీ అంగడి కానీండి, పులివెందులలో పెండ్లి పందిరి కానీండి, వాదం మాత్రం ఒకటే. "సురభోళ్ళు మునుపటి మాదిరి లేరుప్పా, అంతా యాపారమైపాయ" అని ఒక పక్షం. "అయితే ఏమి? వాళ్ళు బతకొద్దా?" అని రెండవ పక్షం. మొదటి వారు కళను గురించి మాట్లాడుతుంటారు, రెండవ వారు కడుపును గురించి మాట్లాడుతుంటారు. కనుక ఎవరి మాటకూ ఎవరి మాట తగలదు. ఈ రెండు పక్షాలలోనూ ఇమడని మాట ఒకటి నా మనసులో చాలాకాలంగా ఉన్నది. దానిని ఈ టపాలో చెప్పి చూస్తాను.

ముందు ఆక్షేపించేవారి మాటను న్యాయంగా విందాం. వారి బాధ నాలుగు విధాలు. పద్యం తగ్గిపోయి ట్రిక్కు పెరిగిపోయిందన్నది మొదటిది. ఎక్కడ చూసినా మాయాబజారు, పాతాళభైరవి తప్ప కొత్త నాటకం కనబడదన్నది రెండవది. నాటకం నిడివి తరిగి ఉత్సవ వేదికల కొలతకు ఒదిగిపోయిందన్నది మూడవది. సినిమాకు పేరు వచ్చిన కథలనే పట్టుకొని, ఆ పేరుతో జనాన్ని రప్పిస్తున్నారన్నది నాలుగవది. వీటిలో దేనినీ నేను కొట్టిపారవేయను. ఇవి ద్వేషంతో పుట్టిన మాటలు కావు. పరదా లేచే ముందు గంట మ్రోగితే ఇప్పటికీ గుండె జల్లుమనేవారు అంటున్న మాటలివి.

అయితే "వ్యాపారం" అన్న మాట దగ్గరే నాకు పేచీ. బంగారం కొననూ అమ్మనూ జిల్లాల నుండి జనం వచ్చే ప్రొద్దుటూరులో కూర్చొని ఆ మాటను తిట్టుగా వాడటం మనకు చెల్లదు. అంగట్లో నగను అమ్మినందుకు కంసాలిని ఎవరూ నిందించరు. రాగి ఎంత కలిపాడని అడుగుతారు. అడగవలసిన ప్రశ్న అదే.

సురభి పుట్టుకను ఒకసారి తలచుకుందాం. 1885లో, అప్పట్లో సొరుగు అని కూడా పిలిచిన సురభి గ్రామంలో, ఒక పెండ్లి సందర్భంగా వనారస సోదరులు "కీచకవధ" ఆడారు. ఆ ఊరు నేటి చక్రాయపేట మండలంలో, పులివెందుల నియోజకవర్గంలో ఉన్నది. ఆడినవారు తోలుబొమ్మలు ఆడించుకుంటూ ఊరూరా తిరిగిన కుటుంబాలవారు. వారి పూర్వులు మరాఠీ నేల నుండి వచ్చినవారు. బొమ్మల స్థానంలో మనుషులే రంగం మీదికి వచ్చారు. వనారస గోవిందరావు చేతిలో అది సమాజంగా ఎదిగింది, పిల్లలూ మనుమలూ పెరిగేకొద్దీ శాఖలై విస్తరించింది. ఒక దశలో ముప్పయికి పైగా సమాజాలు తెలుగునాట తిరిగాయి.

ఇందులో ఏ రాజుగారి పోషణా లేదు, ఏ జమీందారు ఆస్థానమూ లేదు. ఒక ఊరిలో మకాం వేసి, హాలు కట్టి, రంగస్థలం వెనుకనే పొయ్యి రాజేసుకొని, సాయంత్రం టిక్కెట్లు తెగితేనే మరునాడు బియ్యం కొనుక్కొన్న బ్రతుకు అది. ముందు కళగా ఉండి తరువాత వ్యాపారంగా మారిన చరిత్ర సురభికి లేదు. మొదటినుండీ అది టిక్కెట్టు కళే. మునుపటి సురభి అని మనవారు నిట్టూర్చేది కూడా, నేల టిక్కెట్టుకూ బెంచీ టిక్కెట్టుకూ ధర వేరువేరుగా పెట్టిన సురభినే!

మరి ట్రిక్కుల సంగతి? నారదుడు మబ్బులలో దిగి వస్తాడు, బాణానికి బాణం ఎదురై నింగిలో నిప్పులు రాలుతాయి, ఘటోత్కచుని నోటిలోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వెళ్తాయి. పద్యాన్ని ప్రేమించేవారు దీనిని గారడీ అంటారు. కానీ ఈ గారడీ ఎక్కడిదో ఒక్కసారి ఆలోచించండి. దీపం వెలుగులో తెరమీద తోలుబొమ్మను గెంతించి, బంగారక్క చేత, జుట్టుపోలిగాని చేత ఊరంతటినీ నవ్వించిన చేతులవి. వెలుగు ఎక్కడ పడాలి, నీడ ఎక్కడ దాగాలి, లాగే చేయి ఎలా కనబడకూడదు అన్నది వారికి కులవిద్య. పద్యం తరువాత వచ్చి చేరింది. కనుక ట్రిక్కు సంతలో తెచ్చి తగిలించుకొన్న తళుకు కాదు, ఆ ఇంటి మూలధనం. పైనుండి తీగ లాగుతున్న కుర్రవాడు క్షణం తడబడితే నారదుడు తలక్రిందులౌతాడు. అది యంత్రం చేసే పని కాదు, మనిషి చేసే పని.

మన పెద్దలు తలచుకొనే పద్యనాటకాల స్వర్ణయుగం మాత్రం నిష్కామ కళాసేవగా సాగినదా? కాంట్రాక్టు నాటకాలన్న పేరే చెబుతున్నది. పేరున్న నటులను తలా ఒక రేటుకు కుదుర్చుకొని, ఒకే నాటకంలో ఇద్దరు కృష్ణులను, ముగ్గురు అర్జునులను దింపి, టిక్కెట్లు అమ్మిన రోజులవి. "వన్స్ మోర్" కేక పడితే చచ్చిన పాత్ర కూడా లేచి పద్యం పాడి మళ్ళీ పడుకొన్నదని హాస్యానికి చెప్పుకొనేవారు. అక్కడ రాగం సరుకు, ఇక్కడ తీగ సరుకు. మొదటిది కళ, రెండవది వ్యాపారం అని తీర్పు చెప్పడం మన చెవులకు ఉన్న పక్షపాతమే కానీ న్యాయం కాదు.

పైగా బ్రతుకుతెరువు కోసం చేసిన పని కళకు కీడే చేస్తుందన్న లెక్క కూడా తప్పు. స్త్రీ పాత్రలను పురుషులే ధరించడం రివాజుగా ఉన్న కాలంలో, స్థానం నరసింహారావు వంటి మహానటుడు ఆ విద్యతోనే కీర్తిశిఖరాన్ని అందుకొన్న కాలంలో, సురభి వారు తమ ఇంటి ఆడవారిని రంగం మీదికి తెచ్చారు. అది సంస్కరణోద్యమం కాదు. ఇంటిల్లిపాదీ ఆడితేనే ఇల్లు గడిచే కుటుంబాలు అవి. ఆ అవసరంలోనుండే సురభి కమలాబాయి వచ్చింది, 1932లో విడుదలైన మొదటి తెలుగు టాకీ "భక్తప్రహ్లాద"లో లీలావతి అయింది.

ఈ తగవు మనకొక్కరికే వచ్చినది కాదు. 1966లో ఇంగ్లండులోని మాంచెస్టరులో బాబ్ డిలన్ విద్యుత్ గిటారు పట్టి పాడుతుంటే, శ్రోతలలో ఒకడు "జూడాస్" అని అరిచాడు. ముప్పయి వెండి నాణేలకు ఏసును అప్పగించినవాని పేరు అది. అంటే, డబ్బుకు అమ్ముడుపోయావు అని. 1962లో మొదలైన రోలింగ్ స్టోన్స్ బృందాన్ని గురించి కూడా వారి అభిమానులలో ఇదే వాదం దశాబ్దాలుగా నడుస్తున్నది. అభిమాని తన పద్దెనిమిదవ ఏట విన్నదాన్ని శాసనంగా చెక్కుకుంటాడు. కళాకారుడు ఆ శిలను దాటి అడుగు వేస్తే అది ద్రోహంగా తోస్తుంది. తేడా ఒక్కటే. స్టోన్స్ వారిని నిందించినా వారికి పోయేది లేదు. సురభిలో మాత్రం ఒక కుటుంబం ఆట మానేస్తే దానితోబాటు ఒక సమాజమే పోతుంది. ముప్పయికి పైగా ఉన్న సమాజాలు నేడు వ్రేళ్ళ మీద లెక్కింపదగినన్ని అయ్యాయి.

ఇక నా అసలు మాట. సురభికి కీడు చేసేది టిక్కెట్టు కాదు, టిక్కెట్టు లేకపోవడమే. డబ్బు పెట్టి కొన్న ప్రేక్షకునికి అడిగే హక్కు ఉంటుంది. "నిన్న ఆడిందే ఈ రోజూ ఆడితే రేపు రాము" అంటాడు. అందుకే ఒక ఊరిలో వారాల తరబడి మకాం ఉన్న సమాజం రోజుకొక నాటకం సిద్ధం చేసుకొనేది. లవకుశ, బాలనాగమ్మ, వీరబ్రహ్మంగారి చరిత్ర, శ్రీకృష్ణలీలలు అన్నీ ఇంట్లో అందరికీ కంఠతా ఉండవలసిందే. నేటి ఉత్సవ వేదికలో డబ్బు ఇచ్చేవాడు ఒకడు, చూసేవాడు ఇంకొకడు. ఇచ్చేవానికి గంటలో ముగిసే తళుకు కావాలి. చూసేవాడు పాసు మీద వచ్చాడు కనుక నోరు మెదపడు. మీరు వ్యాపారమని తిడుతున్న లక్షణాలలో సగం, వ్యాపారం చచ్చిపోయిన చోట పుట్టినవి. నాటకాలు నాలుగుకు కుదించుకుపోవడం కొనుగోలుదారు పెరిగినందువల్ల కాదు, పోయినందువల్ల.

సురభి వారికి కొత్తదనం చేతకాదనడం కూడా నిజం కాదు. బి.వి. కారంత్ వంటి దర్శకుడు వారితో పనిచేసి "భీష్మ", "చండీప్రియ", "బస్తీ దేవత యాదమ్మ" చేయించారు. ఆ మూడవది జర్మన్ నాటకకర్త బ్రెష్ట్ రచనకు తెలుగు రూపం. మాయాబజారు ఆడే గొంతులే బ్రెష్ట్‌నూ పలికాయి. అయినా సురభి అనగానే మనం అడిగేది ఏది? ఘటోత్కచుని లడ్డూలనే. అడిగేది మనం, అదే ఆడితే అమ్ముడుపోయారనేదీ మనమే.

1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని దశాబ్దాలపాటు నడిపిన సురభి బాబ్జీ, అనగా రేకందార్ నాగేశ్వరరావుగారు, 2013లో పద్మశ్రీ అందుకొన్నారు, 2022లో కన్నుమూశారు. వారి బిరుదును చూసి మన జిల్లా పేరు నిలిచిందని సంతోషించాము. కానీ ఆ కుటుంబాలు స్థిరపడినది హైదరాబాదు లింగంపల్లి దగ్గరి సురభి కాలనీలో. ఊరి పేరు ఇంటిపేరుగా మోస్తూ దేశమంతా తిరిగిన వారికి, ఆ ఊరికి కూతవేటు దూరంలో ఉన్న మన పట్టణాలు వారం రోజుల మకాం ఇవ్వగలవా అన్నది నేను అడుగుతున్న ప్రశ్న.

ఆక్షేపించేవారితో నేను ఏకీభవించే చోటు కూడా ఉన్నది. నటుని గొంతులో పలకవలసిన పద్యం టేపులో నుండి వస్తే, మనిషి లాగవలసిన తీగకు బదులు వెనుక వీడియో తెర వెలిగితే, అప్పుడు రాగి కలిసినట్టే. అటువంటిది జరిగిన నాడు నేనూ మీతో కలిసి గట్టిగానే అంటాను. గీటురాయి అది. టిక్కెట్టు ధర కాదు, జనం ఎక్కువ రావడమూ కాదు. ఆ గీటురాయిని పట్టుకొనే అర్హత మాత్రం ముందు వరుసలో పాసు మీద కూర్చొన్నవానికి లేదు. డబ్బు పెట్టి కొన్నవానికే ఉన్నది.

కనుక అభిమానులకు నా విన్నపం చిన్నది. ఈసారి సురభి వారు ఎక్కడ ఆడినా పాసు కోసం ఫోను చేయకండి, టిక్కెట్టు కొనండి. ఆట అయ్యాక తెర వెనుకకు వెళ్ళి "చండీప్రియ ఎప్పుడు ఆడతారు?" అని అడగండి. బాగాలేకపోతే అక్కడే మొగం మీద చెప్పండి. తిట్టినా కొనుక్కొని తిట్టిన తిట్టుకు విలువ ఉంటుంది.

మీ ఊరిలో సురభి మకాం జ్ఞాపకాలు ఉన్నవారు తప్పక వ్రాయండి. నాతో విభేదించేవారు ఇంకా తప్పక వ్రాయండి.